మారేడుమిల్లిలో మారువేషాల పురుగుల నడక: పగటి విడత తప్పక చూడవలసినది, రాత్రి విడత మారవలసినది

మారేడుమిల్లి పరిసరాల్లోని అడవి అంచుల్లో కీటకాలను, సాలీళ్లను దగ్గర నుంచి చూపించేందుకు ఒక చిన్న బృందం నిర్వహిస్తున్న నడకల గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం మీదుగా భద్రాచలం వైపు వెళ్లే ఘాట్ రోడ్డు మీద ఉన్న ఈ ఊరికి వచ్చేవారిలో చాలామంది జలపాతాలు చూసి, బొంగు చికెన్ తిని, సాయంత్రానికి వెనుదిరుగుతారు. ఈ బృందం అలాంటి వారిని ఒక చెట్టు మాను ముందో, ఒక పొద ముందో చాలాసేపు నిలబెట్టి, కళ్లెదుటే ఉన్నా కనిపించని ప్రాణులను చూడడం నేర్పుతుంది. వీరు ఎంచుకున్న విషయం ఒక్కటే: ఒక ప్రాణి మరో ప్రాణిలాగానో, ఎండుటాకులాగానో, పక్షి రెట్టలాగానో కనిపిస్తూ బతకడం. పగలు ఒక విడత, చీకటి పడ్డాక మరో విడత ఉంటాయి. పగటి విడత నేను ఇంతవరకు రుసుము చెల్లించి వెళ్లిన ప్రకృతి నడకలన్నింటిలోకీ ఉత్తమమైనది. రాత్రి విడతలో మాత్రం, మనుషులూ అడవీ అవే అయినప్పటికీ, పగలు పాటించిన పద్ధతిని వదిలేస్తున్నారు. సరిదిద్దుకోగలిగిన లోపమే కాబట్టి ఈ తేడా ఎక్కడ వస్తున్నదో కొంత వివరంగా రాస్తున్నాను.

పగటి నడకకు ఒక నియమం ఉంది: అసలును చూపించకుండా నకిలీని చూపించరు. అనుకరణ ముగ్గురి మధ్య నడిచే వ్యవహారం. శత్రువులు భయపడే లేదా రుచించక వదిలేసే అసలు ప్రాణి ఒకటి, దాని రూపాన్ని ధరించిన ప్రాణి మరొకటి, ఆ రూపాన్ని చూసి మోసపోయే ప్రాణి మూడవది. ఇంగ్లండుకు చెందిన ప్రకృతి శాస్త్రవేత్త హెన్రీ వాల్టర్ బేట్స్ అమెజాన్ అడవుల్లో 11 ఏళ్లు గడిపి వచ్చాక, పక్షులకు రుచించని సీతాకోకచిలుకల రంగులను వేరే జాతుల సీతాకోకచిలుకలు ఎందుకు ధరిస్తాయో 1862లో ప్రచురించిన వ్యాసంలో ప్రకృతి వరణం (బతకడానికి అనువైన లక్షణాలున్నవే మిగిలి, వాటి సంతతే పెరగడం) ఆధారంగా వివరించాడు. ఈ రకం అనుకరణను నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. మార్గదర్శకులు ఈ సంగతిని రెండు మూడు వాక్యాల్లో చెప్పి ఊరుకుంటారు, మిగిలినదంతా చెట్ల దగ్గరే చూపిస్తారు. వారిలో ఒకరు ఆ ప్రాంతపు కొండరెడ్డి యువకుడు, మరొకరు జంతుశాస్త్రం చదివినవారు. మొదటివారు ఎక్కడ చూడాలో చెబితే, రెండవవారు ఏం చూస్తున్నామో చెబుతారు. ఇద్దరిలో ఎవరు లేకపోయినా ఈ నడక ఇంత బాగుండదు.

మొదటి మజిలీ ఒక మామిడి చెట్టు. పచ్చి ఆకులను అంచులు కలిసేలా లాగి పట్టుకుని, తమ పిల్ల పురుగుల నోటి నుంచి వచ్చే పట్టుదారంతో వాటిని కుట్టి గూళ్లు కట్టే ఎర్ర చీమలు ఆ చెట్టు నిండా ఉన్నాయి. ఇవి కరిచిన చోట ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతాయి, ఒక దానిని కదిపితే వందలు కదిలివస్తాయి. అందువల్ల అనేక పక్షులు, బల్లులు, వేటాడే పురుగులు వీటి జోలికి పోవు. ఈ చీమల నడకను, గాలిలో ఆడే మీసాలను, సన్నని నడుమును తీరిగ్గా చూడమన్నారు. చూసి చూసి కళ్లు వాటికి అలవాటు పడ్డాక, ఒక ఆకు అంచున విడిగా తిరుగుతున్న 'చీమ' ఒకదానిని చూపించి, "దీని కాళ్లు లెక్కపెట్టండి" అన్నారు. ఎనిమిది ఉన్నాయి. అది మిర్మాప్లాటా ప్లాటాలియోయిడెస్ అనే గెంతుడు సాలీడు. ముందరి కాళ్లు రెంటినీ పైకెత్తి చీమ మీసాల్లాగా ఆడిస్తుంది, మిగిలిన ఆరింటితో నడుస్తుంది. సాలీడుకు చీమలాగా మూడు భాగాల శరీరం ఉండదు. అయినా దీని ముందు భాగం మధ్యలో నొక్కుకుపోయి, చీమ తలా ఛాతీ వేర్వేరుగా ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. తల పక్కల ఉన్న నల్లటి మచ్చలు చీమ కళ్లలాగా ఉంటాయి. దాని అసలు కళ్లు ముఖం ముందు భాగాన, కారు దీపాల్లా పెద్దవిగా ఉంటాయి. భూతద్దంలో వాటిని ఒకసారి చూసినవారికి ఈ సాలీడును గుర్తుపట్టడం ఇక కష్టం కాదు.

అదే జాతి మగ సాలీడును కూడా చూపించడం నాకు మరీ నచ్చింది. మగదాని కోరలు ముందుకు చాలా పొడుగ్గా పెరుగుతాయి, కాబట్టి అది చీమలాగా ఉండవలసిన పోలికే చెడిపోతుందని అనిపిస్తుంది. నిజానికి అప్పుడు అది నోట మరో చీమను కరుచుకుని మోస్తున్న చీమలాగా కనిపిస్తుంది. ఈ వేషానికి చెల్లించవలసిన మూల్యం కూడా ఉంది: చీమలకు దూరంగా ఉండే శత్రువుల నుంచి అది కాపాడుతుంది గాని, చీమలనే తిని బతికే సాలీళ్ల కంట పడితే, నోరు ఖాళీగా లేని చీమ సులువైన వేట అవుతుంది. ఈ మాటను మార్గదర్శకులు సందేహం లేకుండా, అతిశయోక్తి లేకుండా చెప్పారు. వేషం వల్ల లాభమే గాని నష్టం లేదనే కథలు చెప్పి పంపేవారి కంటే వీరు ఎంతో మేలు.

ఆ తరువాత అదే చెట్టు మీద రెండో నకిలీని వెతికారు. అది దొరకడానికి చాలా సమయం పట్టింది, అయినా ఎవరూ తొందరపెట్టలేదు. అమిసియా ఫోర్టిసెప్స్ అనే ఈ పీత సాలీడు కూడా ఎర్ర చీమ రంగులోనే ఉంటుంది, అయితే దీని వేషం తలకిందులు: పొట్ట చివర ఉన్న రెండు నల్లని చుక్కలు చీమ కళ్లలాగా కనిపిస్తాయి, అంటే దాని వెనుక భాగమే చీమ తల అన్నమాట. చచ్చిపోతున్న చీమలాగా కాళ్లు కొట్టుకుంటూ అసలు చీమలను దగ్గరకు రప్పించి, మెడ వద్ద కరిచి, మిగిలిన చీమలకు అందకుండా దారం మీద కిందికి వేలాడుతూ తింటుంది. ఒకే చెట్టు, ఒకే అసలు, రెండు నకిలీలు. మొదటిది చీమల భయాన్ని వాడుకుని పక్షులను మోసగిస్తుంది, చీమలకు మాత్రం తాకకుండా తప్పించుకు తిరుగుతుంది. రెండవది ఆ చీమలనే మోసగిస్తుంది. ఎవరిని మోసగించడానికి వేసిన వేషమో తెలియకుండా వేషాన్ని అర్థం చేసుకోలేమన్న సంగతి ఈ రెంటినీ పక్కపక్కన చూసినప్పుడు తెలిసినంత స్పష్టంగా ఏ పుస్తకంలోనూ తెలియదు. ఈ ఒక్క మజిలీకే చెల్లించిన రుసుము సరిపోయిందని నేను భావిస్తున్నాను.

సీతాకోకచిలుకల మజిలీ ఒక ఇంటి పెరట్లో, నిమ్మ చెట్టు దగ్గర. మన పెరళ్లలో నిమ్మ, కరివేపాకు చెట్ల మీద గుడ్లు పెట్టే కామన్ మోర్మన్ అనే నల్లని సీతాకోకచిలుకకు ఆడవాటిలో మూడు రూపాలు ఉన్నాయి. ఒకటి మగదానిలాగానే ఉంటుంది. రెండవది కామన్ రోజ్‌ను, మూడవది క్రిమ్సన్ రోజ్‌ను అనుకరిస్తాయి. ఆ రోజ్ సీతాకోకచిలుకల గొంగళిపురుగులు ఈశ్వరి తీగ, గాడిదగడప వంటి మొక్కలను తిని, వాటిలోని విషాన్ని ఒంట్లో దాచుకుంటాయి; పెద్దయ్యాక కూడా ఆ విషం ఉంటుంది కాబట్టి పక్షులు వాటిని వదిలేస్తాయి. మోర్మన్‌లో ఏ విషమూ లేదు. ఈ వేర్వేరు ఆడ రూపాలన్నీ ఒకే జాతికి చెందినవని ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ 1865లో వివరించాడు. ఏ రూపం వస్తుందన్నది 'డబుల్‌సెక్స్' అనే ఒకే జన్యువు నిర్ణయిస్తుందని 2014లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. ఆ పరిశోధనలో బెంగళూరులోని జాతీయ జీవవిజ్ఞాన కేంద్రానికి చెందిన కృష్ణమేఘ్ కుంటే పాలుపంచుకున్నారు. కీటకాలు మగవో ఆడవో నిర్ణయించే క్రమంలో పనిచేసే జన్యువే రెక్కల వేషాన్ని కూడా తన చేతిలోకి తీసుకోవడం నాకు ఎంతో ఆశ్చర్యం కలిగించింది.

ఇక్కడ కూడా అసలును ముందు చూపించే నియమాన్ని పాటించారు. క్రిమ్సన్ రోజ్ పూల మీద నిదానంగా ఎగురుతున్నప్పుడు దాని ఒంటిని చూడమన్నారు: ఎరుపు. తరువాత వచ్చిన మోర్మన్ ఆడదాని రెక్కల మీద అవే తెల్లని పట్టీలు, అవే ఎర్రని మచ్చలు ఉన్నా, ఒళ్లు నలుపు. ఎవరైనా గుర్తుపెట్టుకోగలిగిన తేడా ఇది. ఆడవన్నీ వేషం వేయకుండా కొన్ని మగదానిలాగానే ఎందుకు ఉండిపోయాయని మా గుంపులో ఒక పాప అడిగింది. నకిలీలు మరీ ఎక్కువైతే పక్షులకు వాటిలో రుచికరమైనవే తరచుగా దొరుకుతాయని, అప్పుడు ఆ ఎర్ర మచ్చలను చూసి భయపడడం మానేస్తాయని, కాబట్టి వేషం అరుదుగా ఉన్నంతకాలమే బాగా పనిచేస్తుందని చెప్పిన జవాబు ఆ పాపకూ పెద్దలకూ సమానంగా అర్థమైంది. అదే నిమ్మ చెట్టు ఆకు మీద మోర్మన్ లేత గొంగళిపురుగు అచ్చంగా పక్షి రెట్టలాగా, గోధుమ రంగు మీద తెల్లని మరకతో కూర్చుని ఉంది. పెరిగాక అది ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. ఊళ్లకు తిరిగివెళ్లాక ఎవరి కరివేపాకు చెట్టు మీద వారు వెతుక్కోగలిగిన దృశ్యం ఇది, ఆ మాట వారు చెప్పి పంపడం బాగుంది.

జిల్లేడు మీద పెరిగి చేదెక్కిన ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుకను డనాయిడ్ ఎగ్‌ఫ్లై అనే మరో సీతాకోకచిలుకలో ఆడది అనుకరించడం, తేనెటీగల రంగు చారలు ధరించిన పూల ఈగలను రెండే రెక్కలు ఉండడాన్ని బట్టి గుర్తించడం వంటివి దారిలో త్వరగా చెప్పి ముందుకు సాగారు. సమయం పరిమితమైనప్పుడు ఇది సరైన ఎంపికే.

ఈవెనింగ్ బ్రౌన్ విషయంలో మాత్రం ఇంకొంత ఆగవలసింది. వరి వంటి గడ్డిజాతి మొక్కల మీద పెరిగి, సంధ్యవేళ ఎగిరే ఈ గోధుమరంగు సీతాకోకచిలుక రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కనిపించేదే. వానాకాలపు తరం రెక్కల అడుగున కంటిచుక్కలు స్పష్టంగా ఉంటాయి. పొడి కాలపు తరంలో అవి దాదాపు మాయమై, రెక్క మూసుకుని నేల మీద కూర్చుంటే ఎండుటాకే. ఆ ఎండుటాకు కూడా ఒక్కోదానిలో ఒక్కో రకం: ఒకదాని మీద మచ్చలు, మరొకదాని మీద ఈనెలాంటి గీత, ఇంకొకదానికి లేత రంగు, వేరొకదానికి ముదురు రంగు. అన్నీ ఒకేలా ఉంటే పక్షి ఒక రూపాన్ని గుర్తుపెట్టుకుని వెతికేది. ఇన్ని రకాలు ఉన్నందువల్ల ఒకటి దొరికినా ఆ పరిచయం రెండవదాన్ని వెతకడానికి అంతగా అక్కరకు రాదు. అడవి నేల పచ్చగా ఉన్నప్పుడు ఒక వేషం, ఆకులు రాలినప్పుడు మరొక వేషం వేసే ఈ ప్రాణిని చూపడానికి రెండు కాలాల్లోనూ నడక ఉండాలి. ఇప్పుడు వానలు తగ్గాక వచ్చే కొద్ది వారాలకే బుకింగులు తీసుకుంటున్నారు. అందరూ పచ్చదనం చూడడానికి వచ్చే కాలం అదేనన్నది అర్థమవుతుంది, కానీ ఈ విషయానికి సగం పాఠం ఆకులు రాలే కాలంలోనే ఉంది.

చెట్టు మానుల దగ్గర ఈ నడక మళ్లీ తన సత్తా చూపించింది. హెర్సీలియా అనే రెండు తోకల సాలీడు బెరడు మీద ఎంత చదునుగా అదుముకుని ఉంటుందంటే, దాని నీడ కూడా పడదు. రంగు కలిసినంత మాత్రాన దాగడం సాధ్యం కాదని, నీడే చాలా ప్రాణులను పట్టిస్తుందని అక్కడ మార్గదర్శకులు చెప్పిన మాట చాలా విలువైనది. పురుగు దగ్గరకు రాగానే ఆ సాలీడు దాని చుట్టూ గిరగిరా తిరుగుతూ తోకల్లాంటి దారపు గొట్టాలతో కట్టిపడేయడాన్ని అందరమూ చూశాం. పొదల మధ్య సైక్లోసా సాలీడు తన గూటి మధ్యలో తిన్న పురుగుల డొల్లలను, చెత్తను వరుసగా కట్టి, ఆ వరుసలో తానూ ఒక చెత్త ముక్కలాగా కూర్చుని ఉంది. దానిని గూటితో సహా చూడకపోతే ఆ వేషానికి అర్థమే లేదు.

రాత్రి విడతతో నాకున్న అభ్యంతరం సరిగ్గా ఇదే. ఈ నడక అభయారణ్యం లోపలికి వెళ్లదు, ఊరి తోటల అంచున, వాగు పక్కన మాత్రమే సాగుతుంది, అది సబబే. చీకట్లో తెల్లని గుడ్డ కట్టి, దాని ముందు దీపం వెలిగిస్తారు. మాత్‌లు అని మనం పిలిచే రాత్రి రెక్కల పురుగులు దాని మీద వచ్చి వాలుతాయి. చూడముచ్చటగా ఉంటుంది, పిల్లలు ఆనందిస్తారు, ఫొటోలు బాగా వస్తాయి. కానీ బెరడు గీతలను, నాచు మరకలను, ఎండుటాకు అంచులను రెక్కల మీద మోసుకు తిరిగే ఆ పురుగులు తెల్లని గుడ్డ మీద పూర్తిగా బట్టబయలవుతాయి. వాటి రెక్కల మీది రంగులు ఏ బెరడు కోసం ఏర్పడ్డాయో ఆ బెరడు అక్కడ లేదు. దాక్కోవడం గురించిన నడకలో ఇది అతి తక్కువ నేర్పే ప్రదర్శన. పైగా దీపం ఆర్పాక గుడ్డను దులిపి పురుగులను పొదల్లోకి పంపే పని ఆ రాత్రి సరిగ్గా జరగలేదు. మిగిలిపోయినవి తెల్లవారగానే పక్షుల పాలవుతాయి.

అంతకంటే నన్ను బాధపెట్టిన సంగతి మరొకటి ఉంది. ఒక చెట్టు మాను మీద ఉన్న హెర్సీలియాను, ఫొటో సరిగా రావడం లేదని ఒకరు అడిగినందుకు, పుల్లతో కదిపి పచ్చని ఆకు మీదికి ఎక్కించారు. ఫొటో స్పష్టంగా వచ్చింది, ఆ ఫొటోలో ఉన్నది మాత్రం దాగని సాలీడు. ఈ అభ్యంతరం కేవలం నా చాదస్తం కాదని చెప్పడానికి శాస్త్ర చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. ఇంగ్లండులో 1950లలో బెర్నార్డ్ కెటిల్‌వెల్ అనే శాస్త్రవేత్త, మసి పట్టిన మానుల మీద నల్లని మాత్‌లను, శుభ్రమైన మానుల మీద లేత రంగు మాత్‌లను పక్షులు తక్కువగా పట్టుకుంటాయని ప్రయోగాలతో చూపాడు. అయితే మాత్‌లు తమంతట తాము ఎంచుకునే చోట కాకుండా ఆయన పెట్టిన చోట ఉన్నాయన్న విమర్శ దశాబ్దాల పాటు ఆ ప్రయోగాలను వెంటాడింది. మైకేల్ మజెరస్ అనే మరో శాస్త్రవేత్త కేంబ్రిడ్జ్‌లో 2001 నుంచి కొన్నేళ్ల పాటు శ్రమించి, మాత్‌లు సహజంగా ఎక్కడ వాలుతాయో చూసుకుని, 4,864 మాత్‌లతో ఆ ప్రయోగాన్ని మళ్లీ చేశాడు. ఆయన మరణానంతరం 2012లో ప్రచురితమైన ఆ ఫలితాలు కెటిల్‌వెల్ చెప్పినదే నిజమని నిర్ధారించాయి. ప్రాణి ఎక్కడ ఉన్నదన్న ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఒక శాస్త్రవేత్త అన్నేళ్లు వెచ్చించినప్పుడు, ఒక ఫొటో కోసం సాలీడును ఆకు మీదికి జరపడం ఎంత పెద్ద విషయాన్ని పారేసుకోవడమో ఆలోచించాలి.

రాత్రి విడతలో నిజంగా గొప్పగా ఉన్నది పోల్టిస్ సాలీడు. రాత్రి అది విశాలమైన చక్రం లాంటి గూడు అల్లి దాని మధ్యలో కూర్చుంటుంది. తెల్లవారేసరికి గూడు విప్పేసుకుని, పక్కనున్న కొమ్మ మీద కాళ్లు ముడుచుకుని, విరిగిపోయిన పుల్ల మొదలులాగా ఉండిపోతుంది. ఈ సంగతిని మార్గదర్శకులు నోటితో చెప్పారు, చూపించలేదు. రాత్రి గూటిని చూసినవారిని మరునాడు ఉదయం అదే కొమ్మ దగ్గరకు తీసుకువెళ్లి, ఆ మొదలును వెతకమంటే ఈ విడత ఎంతో మెరుగవుతుంది. దానికి అదనపు సామగ్రి ఏమీ అక్కరలేదు. రెండు విడతలను విడివిడిగా అమ్మకుండా, రాత్రి మొదలై ఉదయం ముగిసే ఒకే నడకగా మారిస్తే చాలు.

ఇక వెళ్లేవారికి కొన్ని ఆచరణాత్మక విషయాలు. రుసుము తక్కువేమీ కాదు. కుటుంబమంతా రెండు విడతలకూ వెళ్తే ఆ ఊళ్లో ఒక రాత్రి బసకయ్యేంత ఖర్చవుతుంది. గుంపులో ఎనిమిది మందికి మించి తీసుకోకపోవడం వల్ల ఆ ధరకు న్యాయం జరుగుతోంది. భూతద్దాలు వారే ఇస్తారు, కానీ ఇద్దరికి ఒకటి వస్తుంది. పది రెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దం సొంతంగా తెచ్చుకుంటే చీమ, సాలీడు మజిలీ దగ్గర మీ వంతు కోసం ఎదురుచూడనక్కరలేదు. ఇది మలేరియా ఉన్న ఏజెన్సీ ప్రాంతం కాబట్టి నిండు చేతుల చొక్కా, దోమల మందు తప్పనిసరి. ఎర్ర చీమల చెట్టు కింద పిల్లలను చేతులు పెట్టనివ్వకండి. నడక చివర ఇచ్చే పత్రంలో ప్రాణుల పేర్లు, బొమ్మలు ఉన్నాయి గాని, ఏది దేనిని అనుకరిస్తుందో, ఎవరిని మోసగించడానికో చెప్పే ఒక్క గీత కూడా లేదు. నోటితో అంత చక్కగా చెప్పిన విషయాన్ని కాగితం మీద కూడా పెట్టడం కష్టమేమీ కాదు.

పదేళ్లు దాటిన పిల్లలున్న కుటుంబాలకు, జీవశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులకు పగటి విడతను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. ఫొటోల కోసమే వెళ్లేవారికి రాత్రి విడత నచ్చుతుంది, అయితే ప్రాణులను కదపవద్దని బయలుదేరే ముందే మార్గదర్శకులకు చెప్పండి, చెబితే వింటారు. ఆకులు రాలే కాలంలో కూడా ఒక విడత పెట్టమని, రాత్రి ఉదయం నడకలను కలపమని నిర్వాహకులకు రాసి ఇచ్చాను. వేసవికి ముందు అలాంటి విడత ప్రకటిస్తే, ఈవెనింగ్ బ్రౌన్ పొడి కాలపు వేషం కోసం మళ్లీ రుసుము చెల్లించి వెళ్తాను.